ఇరవయ్యో పెట్టె

"ఆగు! ఆగకపోతే కాల్చేస్తా!"

అతను ఆగడు.

ఆగితే అక్క షాపు పోతుంది!

వీపు మీద అట్టపెట్టె. భుజాల చుట్టూ నైలాన్ తాడు. అడుగు పడిన ప్రతిసారీ ఆ తాడు చర్మంలోకి దిగుతోంది. ముఖానికి కట్టిన కర్చీఫ్ చెమటకి తడిసి ముక్కుకి అతుక్కుపోయింది. ఊపిరి అందటం లేదు... అయినా కాళ్లు ఆగటం లేదు.

ఎదురుగా గోడ!

ఎగిరి అంచు అందుకుంటాడు. అంచు నిండా గాజు పెంకులు. కుడి అరచెయ్యి చీరుకుపోతుంది. పళ్లు బిగించి పైకి పాకుతాడు.

ఠాప్!

తూటా ఆకాశంలోకే పోయింది. ప్రాణం మాత్రం గొంతులోకి వచ్చింది.

దూకేస్తాడు. చీలమండ కలుక్కుమంటుంది. లేస్తాడు. కుంటుతాడు. కుంటుతూనే పరుగెడతాడు.

పట్టపగలు ఈ గోడ వెనక భవనంలోకి అతను ముందు తలుపు నుంచి వస్తాడు. ఇస్త్రీ చేసిన నల్ల టీషర్టు, మెడలో కార్డు, ముఖాన చిరునవ్వు. ఆరేళ్లుగా ఈ సెల్‌ఫోన్ షోరూమ్‌లో సేల్స్‌మన్. మూడో కౌంటర్. సొంత పేరుతో అతన్ని ఎవరూ పిలవరు. 'అప్‌డేట్' అంటారు. మార్కెట్లోకి ఏది కొత్తగా వచ్చినా మొదట అతని జేబులోనే కనిపిస్తుంది.

జేబులోకి ఫోను వచ్చేది. జేబులోంచి జీతం పోయేది.

వెనక తరుముకొస్తున్నది కంపెనీ లారీతో పాటు వచ్చిన సెక్యూరిటీ ఆఫీసర్. సన్నగా, పొడుగ్గా, వంకర ముక్కుతో ఉంటాడు. సాయంత్రం అతను లారీ దిగగానే స్టాఫంతా కలిసి 'డేగ' అని పేరు పెట్టేశారు. డేగ స్టాఫ్‌లో ఒక్కరి ముఖం వంకైనా చూడలేదు. పెట్టెల్ని మాత్రం మూడుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

నాలుగోసారి లెక్కపెట్టినప్పుడు ఒకటి తగ్గింది!

ఆ ఒకటే ఇప్పుడు అప్‌డేట్ వీపు మీదుంది. లోపల ఇరవై ఫోన్లు. ఉదయం పదింటికి అన్ని షోరూముల్లోనూ ఒకేసారి విడుదల. అంతకు ముందే బయటికొస్తే దొంగ బజారులో ఒక్కోటి రెండింతల ధర.

తెల్లవారుజామున నాలుగు కొట్టేలోగా ఆ ఇరవై ఫోన్లూ వడ్డీ వ్యాపారి కిస్తీ చేతిలో పెట్టాలి. పెడితే అక్క సంతకం ఉన్న కాగితం తిరిగొస్తుంది. పెట్టకపోతే అక్క షాపుకి కిస్తీ తాళం పడుతుంది.

సందు మలుపు తిరుగుతాడు.



ఎదురుగా మరో గార్డు, చేతిలో టార్చి. వెనక డేగ బూట్ల చప్పుడు. మధ్యలో... షోరూమ్ ముందు భాగం. మూడు వందల మంది! దుప్పట్లు, చాపలు, మడత కుర్చీలు. కొత్త ఫోను కోసం రాత్రంతా రోడ్డు మీద కాపలా కాస్తున్న క్యూ.

కర్చీఫ్ లాగి పారేస్తాడు. పెట్టెని వీపు మీంచి దింపుతాడు. రెండు చాపల మధ్య కాస్త ఖాళీ. అందులో కూలబడతాడు.

"ఏయ్! ఏంటది?"

దుప్పటి కప్పుకున్న ఒక లావుపాటి మనిషి లేచి కూర్చున్నాడు.

"ఒక్క నిమిషం అన్నా..."

"నిమిషమా? నిన్న మధ్యాహ్నం నుంచి ఇక్కడ ఎండా మంచూ నేను తింటుంటే, నీకు నిమిషమా? నడు వెనక్కి!"

"మధ్యలో దూరుతున్నాడ్రోయ్!" ఎవడో అరిచాడు.

"అన్నా, మెల్లగా! నన్ను తరుముతున్నారు..."

"దొంగవా?"

అప్‌డేట్ పెట్టెని ఇంకాస్త దగ్గరికి లాక్కుంటాడు.

"దొంగవైతే నాకేంటి? దొంగలకి కూడా లైనే!"

లావుపాటాయన తన ఫోను వెలిగించి అతని ముఖం మీదికి తెచ్చాడు. ఆ వెలుతురు ముఖం మీదే ఆగిపోయింది.

"నువ్వు... మూడో కౌంటరు కదూ?"

అప్‌డేట్ ముఖం పక్కకి తిప్పుకుంటాడు.

"నువ్వే! ఈ దరిద్రపు ఫోన్ని నాకంటగట్టింది నువ్వేరా! 'రోజుకి ఒక్క టీ ఖర్చు సార్, అంతే' అన్నావ్. ఆ టీ నా బైకుని తాగేసింది! మా ఆవిడ గాజులు తాగేసింది!"

చొక్కా కాలర్ దొరకబుచ్చుకున్నాడు. బొత్తాం ఒకటి తెగి ఎక్కడో పడింది.

"మరి మళ్లీ ఎందుకు కూర్చున్నావన్నా?"

పట్టు సడలింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నలుపు ఉందా?"

"ఏంటి?"

"నలుపు రంగు. ఎన్నొచ్చాయి? నా వంతు వచ్చేసరికి ఉంటాయా?"

"ఒకటి పక్కన పెట్టిస్తా."

"ఒట్టు?"

"ఒట్టు!"

దుప్పటి అప్‌డేట్ నెత్తి మీదుగా వచ్చి పడింది. పెట్టె దానికింద దిండైపోయింది.

బూట్లు దగ్గరికొచ్చాయి... ఆగాయి. దుప్పటి నేతలోంచి టార్చి వెలుగు సూదుల్లా లోపలికి దిగుతోంది.

"ఇటు ఎవడైనా పరుగెత్తుకుంటూ వచ్చాడా?" డేగ గొంతు.

"ఇటు ఎవడొచ్చినా చంపేస్తాం సార్. లైన్ ఎలా ఉందో చూశారుగా!"

వెలుగు తప్పుకుంది. బూట్లు కదిలాయి. దూరమయ్యాయి.

అప్పుడు అతని జేబులో పాత ఫోను వణికింది. తెరమీద 'అక్క'. వినిపించింది మాత్రం అక్క గొంతు కాదు.

"నాన్నా... మూడైంది."

కిస్తీ! వారం వారం వాయిదాలు వసూలు చేస్తాడు. చిన్నా పెద్దా తేడా లేకుండా అందర్నీ 'నాన్నా' అంటాడు. ఆ పిలుపు వింటే చాలు, ఎదుటివాడికి చెమటలు పడతాయి.

"మీ అక్కయ్య నాకు కుర్చీ కూడా వెయ్యలేదు నాన్నా. మర్యాద తెలియని కుటుంబం!"

"వచ్చేస్తున్నా."

వెనక నుంచి అక్క కేక వినిపించింది.

"వాణ్ని రావద్దని చెప్పు! ఈ గడప తొక్కితే వాడి కాళ్లు నేనే విరగ్గొడతా!"

ఫోన్ కట్.

*

అడ్డదారిన పోతే షాపు ఇరవై నిమిషాలు. కానీ మలుపు తిరగ్గానే గస్తీ జీపు కనిపిస్తుంది. పక్కనే సగం కట్టి వదిలేసిన భవనం. అందులోకి దూరి, రెయిలింగ్ లేని మెట్ల మీద మూడో అంతస్తు దాకా ఎక్కుతాడు. కింద జీపు మెల్లగా రోడ్డుని నాకుతున్నట్టు పోతోంది. అది పోయేదాకా కదలటానికి లేదు.

కూర్చుంటాడు. పెట్టెని ఒళ్లోకి లాక్కుంటాడు.

దూకినప్పుడు మూల చిరిగింది. చిరుగులోంచి ఒక తెల్ల పెట్టె అంచు తొంగి చూస్తోంది.

ఒక్కసారి చూసి... మూసేస్తే?

వద్దు!

ఆరు నెలలుగా అదే కలలోకొస్తోంది. ఆరేళ్లుగా ఏదో ఒకటి కలలోకొస్తూనే ఉంది. మొదట ఒక ఫోను. దానికి సరిపోయే వాచీ. ఆ వాచీకి తగ్గ ఇయర్‌ఫోన్లు. ఏడాది తిరక్కుండానే ఆ మూడూ పాతబడ్డాయి. మార్పిడికి ఇస్తే కొన్న ధరలో పావు వంతు కూడా రాలేదు. తగ్గినదానికి ఒక లోను. ఆ లోను వాయిదాకి ఇంకో లోను. రోజుకి ఒక్క టీ ఖర్చు... కస్టమర్లకి చెప్పీ చెప్పీ ఆ మాట చివరికి తానే నమ్మేశాడు. లెక్క తీస్తే రోజుకి నలభై టీలు!

బ్యాంకులు ముఖం చాటేశాయి. కిస్తీ మాత్రం నవ్వుతూ తలుపు తీశాడు. హామీ ఏమిటన్నాడు.

అక్క షాపు.

పద్దెనిమిదేళ్లు బట్టలు కుట్టి కొనుక్కున్న ఒక్క గది. అమ్మ పోయాక అతన్ని చదివించిన గది.

"మోటారు మిషన్‌కి లోను అక్కా. ఇక తొక్కక్కర్లేదు, నీ మోకాళ్ల నొప్పి తగ్గుతుంది. ఇక్కడ సంతకం పెట్టు."

పెట్టింది.

మోటారు మిషన్ రాలేదు. మడతపెట్టే ఫోనొచ్చింది.

కింద జీపు ఆగింది. సిగరెట్ నిప్పు మెరిసింది. అంటే ఇంకో పది నిమిషాలు...

అరచేతి గాయం నుంచి రక్తం కారుతూనే ఉంది. దాన్ని కట్టుకోవడానికి అతనికి తీరిక లేదు. తెల్ల పెట్టెకి మరకంటకుండా చెయ్యి తుడుచుకోవడానికి మాత్రం తీరిక దొరికింది. ప్యాంటుకి ఒకసారి. చొక్కాకి రెండుసార్లు.

గోటితో సీలు మీటాడు.

సర్ర్...

మూత మెల్లగా, గాలి మింగుతున్నట్టు లేచింది. లోపల నల్లని అద్దం. పైపొర ఒలిచాడు. వేలు పడని తెర! ఈ ఊళ్లో మొట్టమొదటి చెయ్యి నాదే... అనుకోగానే ఒళ్లు జలదరించింది. చీలమండ నొప్పి మర్చిపోయాడు. కిస్తీని మర్చిపోయాడు. అక్కని కూడా.

సిమ్ వెయ్యలేదుగా. సిమ్ లేకపోతే సిగ్నల్ లేదు. సిగ్నల్ లేకపోతే భయం లేదు.

బటన్ నొక్కాడు.

'స్వాగతం.'

చీకటి గది వెన్నెలైపోయింది.

ఆ వెంటనే తెర అడుగున ఎర్రటి పట్టీ!

'ఇది విడుదల కాని ఫోన్. మీరున్న చోటు కంపెనీకి పంపించబడింది.'

"సిమ్ వెయ్యలేదే..."

ఆరు నెలలుగా కనిపించిన ప్రతి కస్టమర్‌కీ పాఠం అప్పజెప్పింది ఎవరు? తనే! 'దీనికి సిమ్ అక్కర్లేదు సార్. నేరుగా శాటిలైట్‌తో మాట్లాడుతుంది. స్విచ్ఛాఫ్ చేసినా ఎక్కడుందో చెప్పేస్తుంది. ఇంకే ఫోన్లోనూ లేదు సార్ ఇది!'

పారెయ్! ఇప్పుడే పారెయ్!

కిటికీ కోసం వదిలేసిన ఖాళీలోంచి చెయ్యి చాపాడు. కింద మూడంతస్తుల చీకటి. వేళ్లు విప్పితే చాలు.

వేళ్లు విడవలేదు.

సీలు తెగినదాన్ని కిస్తీ ఎలాగూ తీసుకోడు. పంతొమ్మిదిచ్చి కాళ్లా వేళ్లా పడదాం. వినకపోడు. ఇక ఇదొక్కటీ... స్విచ్ఛాఫ్ చేసేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు.

తనకి తానే సేల్స్‌మన్. తనకి తానే కస్టమర్. బేరం కుదిరిపోయింది!

చాపిన చెయ్యి వెనక్కొచ్చింది. స్విచ్ఛాఫ్ చేసిన ఫోను కుడి జేబులోకి జారింది. ఖాళీ పెట్టె మాత్రం కిందికి ఎగిరిపోయింది.

*

నాలుగుకి నాలుగు నిమిషాలు.

సగం దించిన షట్టర్ కిందనుంచి పాక్కుంటూ అక్క షాపులోకి చొరబడతాడు. మూడు తొక్కుడు మిషన్లు. గోడలకి వేలాడుతున్న స్కూలు యూనిఫాంలు. నేల మీద గుడ్డ పీలికలు. అక్క స్టూలు మీద కిస్తీ, నడుం దగ్గర చొక్కా ఉబ్బెత్తుగా ఉంది. కత్తిరింపు బల్లకి అటువైపు అక్క, చేతులు కట్టుకుని.

"వచ్చావా నాన్నా! చూశావమ్మా, మాట నిలబెట్టుకునే రకం మనవాడు."

అట్టపెట్టె బల్ల మీద దిగింది. అక్క దానిమీది కంపెనీ గుర్తు చూసింది. తరవాత నెత్తురోడుతున్న చెయ్యి చూసింది.

"దొంగతనం కూడా మొదలెట్టావా?"

"నీకోసమే అక్కా!"

"నాకోసమా!" అక్క నవ్వింది. అరిచినా అంత భయమెయ్యదు. "నాకోసం నువ్వు చేసిందేదో ఒక్కటి చెప్పరా, విని తరిస్తాను. ఇంకా కాళ్లతోనే తొక్కుతున్నా చూడు. ఏదీ నా మోటారు?"

"ఇంటి గొడవలు తరవాత," అన్నాడు కిస్తీ.

ఒక్కో పెట్టే తీసి బల్ల మీద పేరుస్తున్నాడు. కొలతల పుస్తకం పక్కకి పోయింది. కత్తెర పక్కకి పోయింది.

"...పదిహేడు... పద్దెనిమిది... పంతొమ్మిది."

ఆగాడు. అట్టపెట్టెని బోర్లించి దులిపాడు.

"ఇరవయ్యోదేది నాన్నా?"

"పడిపోయింది. పరుగులో..."

"ఎక్కడ?"

"గోడ దూకేటప్పుడు. వదిలెయ్యి బాబాయ్, ఒక్కటేగా! నీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లు నాకున్నాయి. నాకు కావలసింది ఫోను."

గోడ గడియారం టిక్కు టిక్కుమంటోంది. అక్క చూపు తమ్ముడి ముఖం మీంచి కిందికి జారింది. కుడి జేబు దగ్గర ఆగింది. ఆ జేబు మీద అతని చెయ్యి ఉంది.

"తీసిచ్చెయ్యరా," మెల్లగా అంది.

"ఏంటి?"

"నీకేంటో తెలుసు. నాకూ తెలుసు. ఇచ్చెయ్. ఈ గది ఒక్కటే మిగిలిందిరా నాకు."

"నా దగ్గరేం లేదక్కా!"

గొంతు వణకలేదు. అబద్ధం అంత నున్నగా జారుతుందని అతనే అనుకోలేదు.

నాలుగు!

కిస్తీ లేచాడు. జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. గొంతు సవరించుకుని చదివాడు.

"ఈ క్షణం నుంచీ షాపు, షాపులో ఉన్న సమస్త వస్తువులూ కిస్తీ వ్యాపారికి చెందును. ఇక్కడ సంతకం పెట్టమ్మా, స్వాధీనం చేసినట్టు."

"అక్కా, పెట్టకు!"

అక్క తమ్ముడి వైపు చూడలేదు. కలం తీసుకుంది. చొక్కా కాలరు మీద గీత గీసినంత శ్రద్ధగా సంతకం పెట్టింది. తాళంచెవి తీసి కిస్తీ ముందు విసిరింది.

"ఇక ఇవి కూడా నావే," పెట్టెల మీద తట్టాడు కిస్తీ.

"అవి నేను తెచ్చినవి!"

"సమస్త వస్తువులూ నాన్నా! చదివాగా ఇప్పుడే."

ధడేల్!

షట్టర్ పైకి లేచింది!

"ఎవరూ కదలొద్దు!"

డేగ! ఒక చేతిలో తుపాకి. ఇంకో చేతిలో వెలుగుతున్న తెర. తెర మీద చుక్క.

అప్‌డేట్ చెయ్యి మళ్లీ కుడి జేబు మీదికి పోయింది. స్విచ్ఛాఫ్ చేసినా... ఎక్కడుందో చెప్పేస్తుంది సార్...

"ఈ షాపు ఎవరిది?"

"ఈవిడదే సార్!" కిస్తీ గొంతులోంచి తేనె కారింది. "నేను చొక్కా కుట్టించుకోవడానికొచ్చా."

"తెల్లారగట్ల నాలుగింటికా?"

"అర్జెంటు చొక్కా సార్..."

"కాదు సార్," అంది అక్క. "షాపు ఆయనది. ఇందులో ఉన్న సమస్తం ఆయనదే. చదివి వినిపించాడు, రాయించుకున్నాడు. సిరా ఇంకా తడిగానే ఉంది. ముట్టుకుని చూసుకోండి."

కాగితం డేగ ముందుకి చాపింది.

కిస్తీ ముఖం పాలిపోయింది. నోరు తెరిచాడు. 'నాన్నా' కూడా రాలేదు.

డేగ కాగితం మీదికి వంగాడు. ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో కిస్తీ నడుం దగ్గర చొక్కా లేచింది!

తుపాకి!

అక్క గుండెకి గురి!

"కాగితం ఇటియ్యవే! చింపెయ్! కాల్చేస్తా!"

అప్‌డేట్ కిస్తీకి రెండు చేతుల దూరంలో ఉన్నాడు. ఫోను ఎప్పుడు తీశాడో, అప్పటికే చేతిలో ఉంది. బరువుగా, చల్లగా, అంచులు పదునుగా. విసిరితే గురి తప్పదు. కిస్తీ కణతకి తగులుతుంది. తూటా దారి తప్పుతుంది.

చెయ్యి లేచింది.

విసురు!

అద్దం... నేలకి తగిలితే...

చెయ్యి గాల్లో ఆగింది.

అరక్షణం. అంతే. కానీ ఆ అరక్షణమూ అక్క కళ్లు అతని మీదే ఉన్నాయి.

ఢాం! ఢాం!

రెండు మోతలు ఒకదాని మీద ఒకటి. కిస్తీ మిషన్ మీద పడి, మిషన్‌తో సహా నేల మీద పడ్డాడు. మళ్లీ కదల్లేదు. డేగ తుపాకి గొట్టంలోంచి పొగ.

అక్క ఇంకా నిలబడే ఉంది. ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుంది. ఆ వేళ్ల సందుల్లోంచి ఎర్రగా కారుతోంది. గుడ్డ కత్తిరించే చెయ్యి అది.

"అక్కా..."

వేలాడుతున్న ఒక యూనిఫాం లాగి భుజానికి చుట్టుకుంది. పళ్లతో ముడి బిగించింది.

డేగ కిస్తీ మెడ దగ్గర నాడి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. లేచి బల్ల మీది పెట్టెలు లెక్కపెట్టాడు. ఒకసారి. రెండోసారి.

"పంతొమ్మిదే ఉన్నాయి." తుపాకి మొన అప్‌డేట్ వైపు తిరిగింది. "ఇతనెవరమ్మా? ఆ చచ్చినవాడి మనిషా? మీ మనిషా?"

గోడ మీద డేగ చూసింది ఒక వీపుని. ముఖం తెలీదు. మా తమ్ముడండీ, నాకు తోడుకొచ్చాడు... అక్క నోట ఆ ఒక్క మాట చాలు. పాపం కిస్తీతోనే పోతుంది.

అప్‌డేట్ అక్క వైపు చూశాడు. చిన్నప్పుడు బడిలో దెబ్బలాడి వచ్చినప్పుడల్లా చూసిన చూపే. ప్రతిసారీ పనిచేసిన చూపే.

అక్క కూడా చూసింది. అతని ముఖాన్ని కాదు.

అతని చేతిని. రక్తం అంటకుండా మెల్లగా, భద్రంగా ఫోనుని కుడి జేబులోకి దించుకుంటున్న ఆ చేతిని!

"ఇరవయ్యోది వాడి జేబులో ఉంది సార్," అంది. "తీసుకెళ్లండి."